మొదటి కాగితం మన ఊళ్లోనే రాయాలి

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల క్రైస్తవ సంఘాల అధ్యక్షులకు, మేత్రాసన పెద్దలకు, కన్వెన్షను కార్యదర్శులకు, పాస్టర్ల ఫెలోషిప్ నాయకులకు, స్త్రీల సమాజాల అధ్యక్షురాళ్లకు విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక సంఘానికి పందొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఉండి మినిట్సు రాసినవాడు, వందనాలతో రాసుకుంటున్న లేఖ.

మన సంఘాల్లో పనిచేసే పాస్టర్లకు, సువార్తికులకు, ఉపదేశులకు, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలకు అంతర్జాతీయ మానవహక్కుల యంత్రాంగాలను వినియోగించుకోవడంలో శిక్షణ ఇప్పించాలన్న ప్రతిపాదన ఈ మధ్య పెద్దల సమావేశాల్లో చర్చకు వస్తున్నదని తెలిసి సంతోషించాను. ఎవరిని పిలవాలి, ఎక్కడ పెట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న మాటలు నడుస్తున్నాయట. ఏం నేర్పాలి, ఎవరికి నేర్పాలి అన్న మాటలు మాత్రం ఇంకా ఎవరూ ఎత్తలేదట. ఆ రెండింటి గురించే ఈ లేఖ. దీన్ని బహిరంగంగా రాయడానికి కారణం, ఇందులో నేను ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని ఏదో ఒక కమిటీ గదిలో చెప్పి ఊరుకుంటే అదే తప్పు చేయబోయేవారికి ఉపయోగం లేదు.

కొన్నేళ్ల కిందట ఏజెన్సీలోని ఒక సవర గిరిజనుల గూడలో మనవాళ్లు వేసుకున్న ప్రార్థన పాకను ఒక రాత్రి ఎవరో పడగొట్టి, పైరేకులు లోయలోకి దొర్లించేశారు. కబురు నాకు చేరేసరికి పది రోజులు దాటింది. చదువుకున్నవాణ్ణి, నలుగురికీ అర్జీలు రాసిపెట్టేవాణ్ణి కనుక ఆ పని నా మీదే పడింది. మూడు పేజీల ఉత్తరం రాశాను. "అమాయకులైన విశ్వాసులపై కొందరు దుండగులు అమానుషంగా దాడి చేసి" అని మొదలుపెట్టి, మధ్యలో కీర్తనల నుంచి రెండు వచనాలు చేర్చి, చివర న్యాయం చేయవలసిందిగా ప్రార్థించాను. ఆ ఉత్తరం చేతులు మారి దిల్లీలో ఇలాంటి సంగతులు చూసే ఒక బృందానికి చేరింది. వాళ్లు నాలుగే నాలుగు ప్రశ్నలు రాసి తిప్పి పంపారు. ఏ తేదీన జరిగింది? కళ్లారా చూసినవాళ్లు ఎవరు? తమ పేర్లు బయటకు పంపడానికి వాళ్లు ఒప్పుకున్నారా? స్టేషనులో ఇచ్చిన అర్జీకి రసీదు ఉందా?

నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. తేదీ అడిగితే "దసరాకు ముందు" అన్నారు. చూసిన రెండు కుటుంబాలూ అప్పటికే ఇటుక బట్టీ పనికి మద్రాసు వైపు వెళ్లిపోయాయి. నేను మళ్లీ కొండెక్కి వెళ్లి కూర్చుంటే గూడ పెద్ద ఒకాయన, "ఇప్పుడేటి రాస్తారు మేస్టారూ, పాక మళ్లీ కప్పేసుకున్నాం గదా" అన్నాడు. దిగి వచ్చేశాను.

ఆ తరువాత ఏడాది దాటాక సంఘం లెక్కలు తనిఖీ చేస్తూ ఆ గూడకు చెందిన కానుకల పుస్తకం చేతికి తీసుకుంటే, వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసిన నాలుగు వరుసలు కనిపించాయి. మంగళవారం రాత్రి. చంద్రుడు లేడు. కుక్కలు అరిచాయి. ముగ్గురు, ఒకడి చేతిలో టార్చి. రేకులు తొమ్మిది. కింద చూసినవాళ్ల పేర్లు రెండు. పక్క పేజీలో ఆ వారం కానుక 140 రూపాయలని తేదీతో సహా ఉంది కనుక మంగళవారం ఏ తారీఖో లెక్కకట్టడం చిన్నపిల్లవాడి పని. రాసింది ఆ గూడలో పనిచేసే బైబిలు స్త్రీ. ఐదో తరగతితో చదువు ఆగిన మనిషి. నాలుగు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఆమె దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది, ఆమెను అడగాలన్న ఆలోచన మాత్రం నాకు గాని, పాస్టరు గారికి గాని, ఇంకెవరికీ గాని రాలేదు. జాతీయ మానవహక్కుల కమిషన్ సంఘటన జరిగిన ఏడాది లోపలే ఫిర్యాదు తీసుకుంటుంది. 1993 నాటి మానవహక్కుల పరిరక్షణ చట్టంలోని 36వ సెక్షను మాట అది. ఆ గడువు అప్పటికే దాటింది.

ఇది మనసులో పెట్టుకుని, నేను హాజరైన ఒక శిక్షణ సంగతి చెబుతాను. నిర్వహించినవారి పేరు చెప్పను, వాళ్ల ఉద్దేశం మంచిదే. విశాఖపట్నంలో ఏసీ హాలు, రెండు రోజులు, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, బల్ల మీద నీళ్ల సీసాలు. ఐక్యరాజ్యసమితి నిర్మాణం మీద గంటన్నర చెప్పారు. పటం మీద గళ్లు, గళ్ల మధ్య బాణాలు. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఇద్దరు సువార్తికులు మొదటి పూట నోట్సు రాసుకున్నారు, రెండో పూట కునికిపాట్లు పడ్డారు. చివర అందరికీ ఒక సంచి, ఒక సర్టిఫికెట్. బస్సులో తిరిగి వస్తుంటే ఒకాయన నన్ను మెల్లగా అడిగాడు, "మేస్టారూ, ఇంతకీ మనం జెనీవాలో కేసు వెయ్యొచ్చా?"

వెయ్యలేం. జెనీవాలో ఉన్నవి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయాలు, మన కేసు వినే కోర్టు కాదు. ఆ ఒక్క మాట రెండు రోజుల్లో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. శిక్షణలో అన్నిటికంటే ముందు చెప్పవలసింది అదే.

భారతదేశం చాలా అంతర్జాతీయ ఒడంబడికల్లో చేరింది. జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికను 1968లో ఆమోదించింది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోను, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోను 1979లో చేరింది. బాలల హక్కుల ఒడంబడికలో 1992లో, స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికలో 1993లో, వికలాంగుల హక్కుల ఒడంబడికలో 2007లో భాగస్వామి అయింది. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997లో సంతకం చేసి, ఆమోదించకుండా ఇప్పటికీ అట్టే ఉంచింది. అయితే ఈ ఒడంబడికలను పర్యవేక్షించే కమిటీలకు ఒక వ్యక్తి నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే అదనపు ఒప్పందాల్లో మన దేశం చేరలేదు. అందువల్ల నేపాల్ మనిషి, పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను పర్యవేక్షించే మానవహక్కుల కమిటీకి వ్యక్తిగత ఫిర్యాదు పంపగలడు, ఇచ్ఛాపురం మనిషి పంపలేడు. ఇది తెలియకుండా శిక్షణ పొందినవాడు ఊరికి వెళ్లి "పై కోర్టు ఒకటి ఉంది, అక్కడ తేల్చుకుందాం" అని బాధితులకు ఆశ పెడతాడు. ఆ ఆశ విరిగిన రోజున మొదట విరిగేది సంఘం మీద నమ్మకం.

మరి మనకు ఉన్న దారులు ఏవి? ముఖ్యంగా మూడు. వాటిలో మొదటిదాని మీదే ఎక్కువ సేపు నిలబడాలని నా అభిప్రాయం.

2006లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి కింద స్పెషల్ రాపోర్టర్లు అని పిలిచే స్వతంత్ర నిపుణులు ఉంటారు. మతస్వేచ్ఛకు ఒకరు, హక్కుల కార్యకర్తల రక్షణకు ఒకరు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి ఒకరు, నివాస హక్కుకు ఒకరు, ఇలా నలభైకి పైగా అంశాలకు వేర్వేరు నిపుణులూ బృందాలూ ఉన్నారు. వాళ్లకు ఐక్యరాజ్యసమితి జీతం ఇవ్వదు. వాళ్లకు సమాచారం పంపాలంటే మన దేశం ఫలానా ఒడంబడికలో చేరి ఉండాలన్న నిబంధన లేదు, ఇక్కడి కోర్టులన్నీ తిరిగి రావాలన్న షరతు లేదు, పంపే సంస్థకు ఐక్యరాజ్యసమితిలో గుర్తింపు ఉండవలసిన పని లేదు. సమాచారం నమ్మదగినదని తోస్తే వాళ్లు మన ప్రభుత్వానికి ఉత్తరం రాసి వివరణ అడుగుతారు. మామూలు ఆరోపణ ఉత్తరమైతే ప్రభుత్వానికి 60 రోజుల గడువు ఇచ్చి, ఆ తరువాత ఉత్తరాన్నీ వచ్చిన జవాబునూ బహిరంగపరుస్తారు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో తక్షణ ప్రమాదం ఉంటే అత్యవసర విజ్ఞప్తి పంపుతారు. అంతే. తీర్పు ఉండదు, నష్టపరిహారం ఉండదు, ఎవరినీ అరెస్టు చేయరు. కానీ దిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ ఆ ఉత్తరానికి జవాబు రాయాలంటే అమరావతిని అడగాలి, అమరావతి జిల్లాను అడగాలి, జిల్లా మండలాన్ని అడగాలి. ఎప్పుడో దుమ్ముపట్టిన అర్జీ ఆ అడగడంలో ఒకసారి బయటకు వస్తుంది. ఈ యంత్రాంగం విలువ నాకు తెలిసినంతలో అదీ, అంతవరకే.

ఆ సమాచారంలో వాళ్లు అడిగేవి ఏమిటో చూడండి. బాధితుడెవరు, ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, చేసింది ఎవరని అనుమానం, పంపుతున్నది ఎవరు, బాధితుడి పేరు ప్రభుత్వానికి తెలియజేయడానికి అతని సమ్మతి ఉందా. కేవలం పత్రికా వార్తల మీద ఆధారపడిన ఫిర్యాదును, తిట్లతో నిండిన ఫిర్యాదును, రాజకీయ ప్రచారం కోసం చేసిన ఫిర్యాదును పక్కన పెడతారు. దిల్లీ వాళ్లు నన్ను అడిగిన నాలుగు ప్రశ్నలకూ దీనికీ తేడా ఏముంది? మా బైబిలు స్త్రీ అట్ట మీద రాసుకున్నదానికి సమ్మతి, రసీదు కలిపితే జెనీవాకు వెళ్లే కాగితంలో సగం తయారైనట్టే. నా మూడు పేజీల్లో అందులో ఒక్క వరుస కూడా లేదు.

సమ్మతి గురించి ఇంకొక మాట. మన ప్రార్థనల్లో అందరి కష్టాలూ పేరుపేరునా చెప్పుకునే అలవాటు ఉంది, అది మంచి అలవాటే. అదే అలవాటుతో దెబ్బలు తిన్నవాడి ఫోటో, ఊరి పేరు, భార్యా పిల్లల పేర్లు వాట్సాప్‌లో యాభై గ్రూపులకు పంపేస్తున్నాం. సాయంత్రానికి అది కొట్టినవాడి ఫోనుకు కూడా చేరుతుంది. పేరు చెప్పకుండా పంపవచ్చునని, ఒప్పుకున్న మాటను మరునాడు వెనక్కి తీసుకునే హక్కు బాధితుడికి ఉంటుందని, "నాకు వద్దు" అన్నవాణ్ణి విశ్వాసం తక్కువైనవాడిగా చూడకూడదని శిక్షణలో ఒక పూట పూర్తిగా దీని మీదే గడపాలి. ఐక్యరాజ్యసమితితో మాట్లాడినందుకు ఎవరినైనా వేధిస్తే ఆ వేధింపునూ నమోదు చేసే ఏర్పాటు ఉంది. సెక్రటరీ జనరల్ ఏటా దాని మీద నివేదిక ఇస్తారు. కాని నివేదికలో పేరు ఎక్కడం వేరు, రాత్రి ఇంటికి క్షేమంగా చేరడం వేరు. ఆ తేడా దాచకుండా చెప్పాలి.

రెండో దారి సార్వత్రిక ఆవర్తన సమీక్ష. ప్రతి దేశపు మానవహక్కుల స్థితినీ మిగిలిన దేశాలు వంతుల వారీగా సమీక్షించే పద్ధతి ఇది. మన దేశం వంతు 2008లో, 2012లో, 2017లో, 2022 నవంబరులో వచ్చింది. దీనికి పౌరసంఘాలు తమ నివేదిక పంపవచ్చు. ఒక సంస్థ ఒంటరిగా పంపితే 2,815 పదాలు, కొన్ని కలిసి పంపితే 5,630 పదాలు మించకూడదు. మన సమావేశాల్లో అధ్యక్షోపన్యాసాలే అంతకంటే పొడుగు. జాతీయ స్థాయిలో ఇలాంటి నివేదికలు తయారుచేసే సంఘాలు ఉన్నాయి కనుక మనం విడిగా పంపడం కంటే, మన మూడు జిల్లాల నుంచి తేదీలతో, రసీదులతో ఉన్న నాలుగు సంఘటనలు వాళ్ల చేతికి ఇవ్వడమే మేలు. మూడో దారి, ఒడంబడికల కమిటీలు మన ప్రభుత్వ నివేదికను పరిశీలించేటప్పుడు సమాంతర నివేదిక పంపడం. మానవహక్కుల కమిటీ 1997 తరువాత మళ్లీ 2024 జూలైలో గాని మన దేశాన్ని పరిశీలించలేదు. అంటే ఇరవై ఏడేళ్లకు ఒకసారి తెరిచిన తలుపు. జాతి వివక్ష నిర్మూలన కమిటీ చివరిసారి పరిశీలించింది 2007లో. ఈ మూడో దారికి శిక్షణలో అరగంట చాలు.

ఇక్కడ పెద్దల్లో కొందరి భయం గురించి మాట్లాడకపోతే ఈ లేఖ అసంపూర్ణం. "విదేశాలకు ఫిర్యాదు చేశారంటారు, మనకెందుకు" అన్న మాట నాకు వినిపిస్తూనే ఉంది. ఆ భయాన్ని నేను తేలికగా తీసేయను; స్టేషనుకు వెళ్లవలసి వచ్చేది పాస్టరు గారు గాని నేను కాదు. అయినా కొన్ని సంగతులు మనం నోరారా చెప్పగలగాలి. మానవహక్కుల సార్వజనీన ప్రకటన మొదటి అధికరణలో "పురుషులందరూ" అన్న అర్థం వచ్చే మాటను తీసి "మానవులందరూ" అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. మానవహక్కుల మండలికి మన దేశం పలుమార్లు సభ్యదేశంగా ఎన్నికైంది. స్పెషల్ రాపోర్టర్లు ఎప్పుడైనా రావచ్చునని 2011లో స్థిర ఆహ్వానం ఇచ్చింది మన ప్రభుత్వమే. అంతర్జాతీయ ఒడంబడికల్లో పొందుపరచి, మన కోర్టులు అమలు చేయగల హక్కులను కూడా మానవహక్కులుగా నిర్వచించింది మన పార్లమెంటు చేసిన 1993 చట్టమే. పని స్థలాల్లో స్త్రీలపై లైంగిక వేధింపులకు చట్టం లేని రోజుల్లో, 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు స్త్రీల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఆధారం చేసుకునే మార్గదర్శకాలు ఇచ్చింది. (ఆ విశాఖ మన పక్క ఊరు కాదు, రాజస్థాన్ కేసులో పిటిషను వేసిన సంస్థ పేరు, మన శిక్షణలో ఒక వక్తే పొరబడ్డారు.) సమాచారం పంపడానికి విదేశీ నిధులు అక్కర్లేదు కనుక విదేశీ విరాళాల చట్టంతో దీనికి ముడి లేదు. శిక్షణ ఖర్చును మాత్రం మన కానుకల నుంచే పెట్టుకోవాలని నా మనవి, అనుమానానికి తావు ఇవ్వకుండా ఉండడానికైనా.

సంఘాలకు ఈ పని కొత్తది కూడా కాదు. 1948 నాటి ప్రకటనలో మతస్వేచ్ఛను గురించిన 18వ అధికరణ కోసం పట్టుబట్టినవారిలో అంతర్జాతీయ వ్యవహారాల చర్చీల కమిషన్ తరఫున ఫ్రెడరిక్ నోల్డే అనే లూథరన్ ఆచార్యుడు ఉన్నాడు. జెనీవాలోని లూథరన్ ప్రపంచ సమాఖ్య సంఘ సేవకులకు ఈ యంత్రాంగాల మీద శిక్షణలు నడుపుతూ వచ్చింది. సాలూరులో, పార్వతీపురంలో లూథరన్ మందిరాలకు వెళ్లేవారికి ఇది తెలిస్తే, ఎవరో బయటివారి గొడవ నెత్తికెత్తుకుంటున్నామన్న భావన కొంత తగ్గవచ్చు.

పరాయి దేశం దాకా వెళ్లేముందు మన మండల కేంద్రం దాకా వెళ్లడం రావాలి. శిక్షణలో సగానికి సగం ఇదే ఉండాలని అడుగుతున్నాను. కేసు పెట్టదగిన నేరం జరిగిందని సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం సంఘటన ఏ స్టేషను పరిధిలోదైనా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు, ప్రతిని ఉచితంగా తీసుకోవచ్చు. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీ గారికి రిజిస్టరు పోస్టు, ఆ పోస్టు రసీదు పుస్తకంలో అంటించుకోవడం. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీకి నంబరు. జాతీయ కమిషన్‌కు ఏడాది లోపల ఫిర్యాదు. ఆ స్పెషల్ రాపోర్టర్లు అడిగేవాటిలో ఇక్కడ ఏం చేశారన్నది ఒకటి. కథోలికులు పారిష్ ఫాదరును విచారణ గురువులు అంటారు. ఆ మాటకు తగ్గట్టు ఆయనే మొదట విచారించి రాసుకుంటే ఎంత బాగుండును.

మన ప్రాంతంలో ఇందులో ఒక పెద్ద ముడి ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకు చెందనివారు షెడ్యూల్డు కులంవారు కారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవ మతం తీసుకుని ఆచరిస్తున్న వ్యక్తి షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో మన రాష్ట్ర హైకోర్టు చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదు చేసింది ఒక పాస్టరే. తిట్టేవాడు పాత కులం పేరుతోనే తిడతాడు, చట్టం మాత్రం ఆ కులం నీకు లేదంటుంది. మతస్వేచ్ఛ స్పెషల్ రాపోర్టరుగా ఉన్న అస్మా జహంగీర్ 2008 మార్చిలో మన దేశానికి వచ్చి, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సూచించారు. అంతకు ముందే 2002లో జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా ఒకటని తన 29వ సాధారణ సిఫారసులో చెప్పింది. ఇక్కడి చట్టం తలుపు మూసినచోట అంతర్జాతీయ పత్రం పనికివచ్చే సందర్భం ఇది, కనుక ఈ రెండు పత్రాలనైనా తెలుగు చేయించి ప్రతి సంఘానికీ పంపండి. గిరిజనులకు ఈ చిక్కు లేదు. మతం మారినా సవర సవరే, జాతాపు జాతాపే. కొండ మీద ఈ మాట తెలియక పింఛనుకీ పట్టాకీ భయపడుతున్నవారు ఎందరో ఉన్నారు.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. ఈ శిక్షణను మన మందిరాల మీద దాడుల కోసం మాత్రమే పెట్టుకునేటట్టయితే దానికి నేను రాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాడి ఇంటికి ప్రార్థనకు వెళ్లే పాస్టరు గారు, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ ఇంట్లో ఏ బోరు నీళ్లు తాగుతున్నారో ఏ అధికారి కంటే బాగా ఎరుగుదురు. నీరు మానవహక్కు అని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది 2010 జూలై 28న. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, జూలై 14న, సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని బీల (చిత్తడి) భూముల కోసం నిలబడ్డవారి మీద పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. మరుసటి ఫిబ్రవరిలో, అలాంటి కేంద్రమే వద్దన్న కాకరాపల్లిలో ఇంకో ఇద్దరు. వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల ఇళ్ల సంగతి, ఏజెన్సీలో పట్టా రాని పోడు సంగతి మన వాక్య పరిచర్యకు బయటివి కావు. వీటికి నివాస హక్కు నిపుణులున్నారు, ఆదివాసుల హక్కుల నిపుణులున్నారు, 1958లో మన దేశం ఆమోదించిన ఆదివాసుల గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడిక ఉంది. గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన మన మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ చెరలో పడితే, వాళ్లలో 20 మంది వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో. అరెస్టయిన మూడు నెలల్లోగా దౌత్యాధికారులను కలవనివ్వాలని, జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలని రెండు దేశాల మధ్య 2008లో ఒప్పందం ఉంది. ఆ పద్నాలుగు నెలలూ మత్స్యకారుల పేటలో వాళ్ల ఇంటి ఆడవాళ్లతో కూర్చుని ఏడ్చాం గాని, జాబితాలో పేరు ఉందో లేదో చూసి ఒక కాగితం మీద రాసిపెట్టే పని మన సంఘాలు ఎంత చేశాయి?

దీనికి తిరగబడ్డ పక్క కూడా ఉంది. మందిరం స్థలం మీద మనలో మనకే ఉన్న ఆస్తి తగాదాలను, శ్మశానం దారి దగ్గర బంధువుల మధ్య వచ్చిన మాటామాటను మతహింస అని పేరు పెట్టి పంపే అలవాటు కొందరికి ఉంది. ఆరుగురు వస్తే అరవై మంది అని రాయడం ఉంది. అలాంటి కాగితం ఒక్కటి వెళ్లినా తరువాత వెళ్లే పది నిజమైన కాగితాలకు విలువ పోతుంది. హక్కుల గురించి నేర్చుకున్న బైబిలు స్త్రీ, నెలకు తనకు ఇస్తున్నది ఎంత, పాస్టరు గారికి ఇస్తున్నది ఎంత అని కూడా అడుగుతుంది. మన హాస్టళ్లలో పిల్లల రక్షణ గురించి అడుగుతుంది. ఆ ప్రశ్నలకు సిద్ధంగా ఉండే శిక్షణ పెట్టండి.

ఎవరికి నేర్పాలన్నదానికి నా జవాబు ఇంతసేపూ చెప్పిందే. జిల్లా నాయకులను చివరకు పెట్టి, గూడల్లో, పేటల్లో ఉండి కబురు మొదట వినేవారిని ముందు పిలవండి. సగం మంది స్త్రీలు ఉండాలి. జీడి పిక్కలు ఏరే నెలల్లో, వరి కోతల్లో పెట్టకండి. హోటలు వద్దు, పాలకొండ, టెక్కలి, సాలూరు, బొబ్బిలి వంటి చోట్ల మన మందిరపు వరండాలే చాలు. భాష తెలుగు, సవర వచ్చినవారు ఒకరు పక్కన. ఉపన్యాసం గంట మించకూడదు. తక్కిన సమయమంతా రాయించాలి: ఒకరు బాధితుడిగా కూర్చుంటే ఇంకొకరు అడిగి రాసుకోవడం, రాసింది మూడో మనిషి చదివి తేదీ, చోటు, సాక్షి, సమ్మతి ఉన్నాయో లేదో చూడడం, లేకపోతే మళ్లీ రాయించడం. స్పెషల్ రాపోర్టర్లకు పంపే భాష ఇంగ్లీషో ఫ్రెంచో స్పానిషో కావాలి కనుక ఆ పని మూడు జిల్లాలకు కలిపి ఇద్దరు ముగ్గురికి, వీలైతే ఒక న్యాయవాదితో కలిపి, అప్పగించండి. అందరికీ ఇంగ్లీషు ఫారం నేర్పబోయి ఎవరికీ ఏదీ నేర్పకుండా పోవద్దు.

ప్రతి సంఘానికీ ఒక నోటు పుస్తకం కొనిపెట్టండి. కానుకల పుస్తకం వేరు, ఇది వేరు. అట్ట వెనక రాసుకునే అవసరం ఇంకెవరికీ రాకూడదు. దాన్ని ఎక్కడ దాచాలి, ఎవరు చూడవచ్చు, పాస్టరు గారు బదిలీ అయితే ఎవరికి అప్పగించాలి అన్నవి సంఘ తీర్మానంగా మినిట్సులో రాయించండి.

మీ తదుపరి కౌన్సిల్ సమావేశంలో ఈ లేఖను చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను. మొదటి రెండు రోజుల శిక్షణ సీతంపేట మండలంలో పెడితే దానికి పుస్తకాలూ భోజనాలూ నా పింఛను నుంచి చూసుకుంటాను. పాఠం చెప్పడానికి ఎవరిని పిలవాలన్నది మీ ఇష్టం. ఆ కానుకల పుస్తకం రాసిన అమ్మను మాత్రం వక్తగా పిలవండి, ఆమె ఒప్పుకుంటేనే. నేను కింద కూర్చుని నోట్సు రాసుకుంటాను.

ఇట్లు,
మీ సహ విశ్వాసి,
విజయనగరం